అండమాన్ పోస్టింగ్: కుటుంబంతో సముద్రం దాటేముందు ఏ పని ముందు, ఏ పని తర్వాత

కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి సైన్యంలో చేరినవాళ్ల ఇళ్లలో జమ్మూ, అస్సాం, రాజస్థాన్ పోస్టింగులు అలవాటైన మాటలే. రైలెక్కితే ఎప్పటికైనా చేరే ఊళ్లవి. అండమాన్ అనేసరికి మాత్రం ఇల్లంతా తికమక పడుతుంది. "పిల్లోళ్లను తీసుకపోవచ్చునా, బడి ఉంటుందా, సామానెట్ల పోతుంది" అని ఒకటే ప్రశ్నలు. అడగాల్సిన ప్రశ్నలే గానీ, చాలా ఇళ్లలో ముందు సామాను కట్టి, తర్వాత బడి వెతికి, చివర్లో కాగితాలు చూసుకుంటారు. ఈ వరసే తప్పు. ఈ పోస్టింగుకు ముందు కాగితాలు, తర్వాత క్వార్టరు, ఆ తర్వాత బడి, అన్నిటికన్నా చివర సామాను. వరస తిరగబడితే ఎక్కడ దెబ్బ తగులుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు తేలాల్సింది: ఏ దీవి?

అండమాన్ నికోబార్ కమాండ్ 2001లో ఏర్పడింది. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడూ ఒకే అధికారి కింద పనిచేసేలా దేశంలో పెట్టిన తొలి కమాండ్ ఇదే. ప్రధాన కార్యాలయం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. 2024 సెప్టెంబరులో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. టికెట్లు, కొరియర్, బ్యాంకు చిరునామా నింపేటప్పుడు ఒక పేరుతో ఊరు దొరక్కపోతే రెండో పేరుతో వెతకండి.

ఇంట్లో "అండమాన్" అని ఒక్క మాటలో అనుకుంటాం గానీ, ఈ దీవుల ఉత్తర కొస నుంచి దక్షిణ కొసకు 700 కిలోమీటర్లకు పైనే దూరం. పోర్ట్ బ్లెయిర్, దాని పక్కనే ఉన్న బిర్చ్‌గంజ్ చుట్టుపక్కల పోస్టింగ్ అయితే అది మామూలు జిల్లా కేంద్రం లాంటి ఊరే. బజారు, ఆస్పత్రి, బడులు, విమానాశ్రయం అన్నీ ఉంటాయి. నేవీ స్థావరాలు ఐ.ఎన్.ఎస్. జరావా, ఐ.ఎన్.ఎస్. ఉత్క్రోష్ ఇక్కడివే. ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గరి ఐ.ఎన్.ఎస్. కొహాసా అయితే పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మీద దాదాపు 300 కిలోమీటర్లు. ఆ రోడ్డు జరావా తెగ ఉండే అడవి గుండా పోతుంది. జిర్కటాంగ్ దగ్గర వాహనాలన్నిటినీ ఆపి, రోజుకు కొన్ని నిర్ణీత వేళల్లో మాత్రమే వరసగా వదులుతారు. వేళ తప్పితే తర్వాతి కాన్వాయ్ దాకా ఎదురుచూడాలి. దారిలో బండి ఆపడం, ఫోటో తీయడం, తినేది ఏదైనా ఇవ్వడం నేరం. పిల్లలకు ఈ మాట ముందే గట్టిగా చెప్పి ఎక్కించాలి.

దక్షిణాన కార్ నికోబార్‌లో ఎయిర్‌ఫోర్స్ స్టేషన్, కమోర్తాలో ఐ.ఎన్.ఎస్. కార్దీప్, గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేలో 2012లో మొదలైన ఐ.ఎన్.ఎస్. బాజ్ ఉన్నాయి. క్యాంప్‌బెల్ బే పోర్ట్ బ్లెయిర్‌కు 500 కిలోమీటర్ల పైచిలుకు. కేంద్రం 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలకు భూములిచ్చి అక్కడ స్థిరపరిచింది కాబట్టి ఆ ఊరికి సైన్యం వాసన కొత్త కాదు. అయినా సరుకులు, ఉత్తరాలు, పెద్ద వైద్యం అన్నీ ఓడ మీదో హెలికాప్టర్ మీదో ఆధారపడి ఉంటాయి. పైగా నికోబార్ దీవుల్లోకి బయటి భారతీయులు పోవాలన్నా గిరిజన పాస్ కావాలి. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ చట్టం ఇంకా అమల్లో ఉంది. మీకూ భార్యాపిల్లలకూ ఆ పని యూనిట్ చూస్తుంది. "సంక్రాంతికి అవ్వాతాతలు వచ్చి పది రోజులు ఉండిపోతారులే" అన్నది మాత్రం నికోబార్ విషయంలో అంత తేలిక కాదు. పోర్ట్ బ్లెయిర్‌కైతే మనవాళ్లు ఎవరైనా మామూలుగా వచ్చి పోవచ్చు.

అందువల్ల ఆర్డరు రాగానే యూనిట్ పేరు, అది ఉన్న దీవి, అక్కడికి కుటుంబానికి అనుమతి ఉందా లేదా అన్న మూడు సంగతులు కొత్త యూనిట్ క్లర్కుకు ఫోన్ చేసి తెలుసుకోండి. కుటుంబానికి అనుమతి లేని చోటైతే వేరే స్టేషన్‌లో విడి కుటుంబాల క్వార్టరుకు దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది. మన వైపు వాళ్లు దీనికి సాధారణంగా సికింద్రాబాద్, బెంగళూరు, చెన్నై చూస్తారు. వరుసలో పేరు ఎంత ముందుంటే ఇల్లు అంత తొందరగా దొరుకుతుంది. అందుకే ఈ దరఖాస్తు పాత యూనిట్ వదలకముందే పడాలి.

పార్ట్ టూ ఆర్డర్ లేకుంటే భార్య కూడా రికార్డులో లేనట్టే

ఆర్మీలో పెళ్లి, బిడ్డ పుట్టుక, పేరు మార్పు ఏదైనా పార్ట్ టూ ఆర్డర్‌గా వెలువడి రికార్డ్ ఆఫీసుకు చేరాలి. నేవీలో జెన్‌ఫారం, ఎయిర్‌ఫోర్స్‌లో పి.ఓ.ఆర్. అంటారు. పని ఒకటే. అది జరగకపోతే క్వార్టరు సీనియారిటీ, టికెట్టు, ఆస్పత్రి, డిపెండెంట్ కార్డు అన్నీ అక్కడే ఆగుతాయి. ప్రధాన భూభాగంలో ఉన్నన్నాళ్లూ ఈ లోపం బయటపడదు, ఎందుకంటే భార్య ఊళ్లో అత్తగారింట్లోనే ఉంటుంది. ఓడ టికెట్టు అడిగిన రోజున బయటపడుతుంది.

మన జిల్లాల కాగితాల్లో తరచూ తేడా వచ్చేది ఇంటిపేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది, పెళ్లి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు ఉంటుంది. బిడ్డ జనన ధ్రువపత్రంలో "బేబీ ఆఫ్" అని ఆస్పత్రి రాసింది అట్లనే ఉండిపోతుంది. వీటిని సరిచేయడానికి సచివాలయం, మీసేవ, పురపాలక కార్యాలయం చుట్టూ తిరగాలి. భర్త సెలవులో ఉన్నప్పుడైతే వారం పది రోజుల పని, దీవి మీద నుంచి ఫోన్లలో అయితే నెలల పని. అందుకే ఆర్డరు చేతికొచ్చిన తర్వాత తీసుకునే మొదటి సెలవును దీనికే వాడుకోవాలి. పెళ్లి రిజిస్ట్రేషన్, పిల్లల జనన పత్రాలు, అందరి ఆధార్, డిపెండెంట్ కార్డు, టీకాల పుస్తకం, రక్తం గ్రూపు కాగితం వరసగా పెట్టి ఒక్కొక్కదానికి నాలుగు నకళ్లు తీయించండి. అసలు కాగితాలు సామానులో వేయకూడదు, చేతిసంచిలోనే పోవాలి. లామినేషన్ చేయించొద్దు, ధ్రువీకరణ ముద్ర వేయించాల్సి వస్తే ప్లాస్టిక్ అడ్డొస్తుంది. జిప్ ఉన్న మందపాటి కవర్లో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి పెడితే చాలు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఏడో వేతన సంఘం నిబంధనల ప్రకారం బదిలీ అయినవారికి చివరి నెల మూలవేతనంలో 80 శాతం కాంపోజిట్ ట్రాన్స్‌ఫర్ గ్రాంట్‌గా, అంటే బదిలీ ఖర్చులకు ఇచ్చే మొత్తంగా వస్తుంది. అండమాన్, నికోబార్, లక్షద్వీప్ దీవులకు పోయేటప్పుడూ, అక్కడి నుంచి తిరిగొచ్చేటప్పుడూ అది 100 శాతం. మూలవేతనం మీద సైనికులకు విడిగా ఇచ్చే మిలిటరీ సర్వీస్ పే ఈ లెక్కలోకి రాదు. అంటే మూలవేతనం 32,000 ఉన్న నాయక్‌కు 25,600 బదులు 32,000 వస్తుంది. సర్వీస్ పే 5,200 కలిపి 37,200 అనుకొని ఖర్చు పెట్టుకుంటే తేడా పడుతుంది. ఇంటి సామాను బరువుకు పరిమితి పే లెవెల్‌ను బట్టి ఉంటుంది. నాయక్ దాకా, అంటే లెవెల్ 4 వరకు 1,500 కిలోలు, హవల్దార్‌కు 3,000, జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు (జె.సి.ఓ.లు) మొదలుకొని పైవారికి 6,000. మామూలు ఇంటి సామానుకు ఈ బరువు చాలు. డబ్బు నష్టపోయేది బరువు దగ్గర కాదు, రసీదు దగ్గర. లారీవాడు తెల్లకాగితం మీద రాసిచ్చిన లెక్క క్లెయిమ్‌లో నిలబడదు. బరువు, దూరం, బండి నంబరు, పన్ను వివరాలతో బిల్లు తీసుకోవాలి. విమానం ఎక్కితే బోర్డింగ్ పాస్ పారేయకూడదు.

బడి: తొమ్మిది, పదకొండు తరగతుల దగ్గర గోడ

ఈ పోస్టింగులో కుటుంబం పోవాలా వద్దా అన్నది తేల్చేది చాలాసార్లు పెద్దబిడ్డ చదివే తరగతే. అండమాన్‌లో బడులన్నీ సి.బి.ఎస్.ఇ. పద్ధతిలో నడుస్తాయి. పోర్ట్ బ్లెయిర్‌లో కేంద్రీయ విద్యాలయాలు రెండు, నేవీ చిల్డ్రన్ స్కూలు ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో చెప్పే ప్రభుత్వ బడి కూడా ఉంది. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో 13 శాతానికి పైగా జనానికి మాతృభాష తెలుగే మరి. ఎక్కువమంది శ్రీకాకుళం వైపు నుంచి పోయి స్థిరపడినవాళ్లు.

ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు పెద్ద చిక్కు లేదు. రాష్ట్ర సిలబస్ నుంచి పోతే టి.సి. మీద మండల విద్యాధికారి లేదా జిల్లా విద్యాధికారి ప్రతిసంతకం కావాలి. వేసవి సెలవుల్లో ఆఫీసు చుట్టూ తిరిగి చేయించుకోవాల్సిన పని ఇది, బడి మూతపడకముందే హెడ్మాస్టరు సంతకం తీసుకోండి. కేంద్రీయ విద్యాలయంలో సీటుకు కేంద్ర ప్రభుత్వ, రక్షణ ఉద్యోగుల పిల్లలకు తొలి ప్రాధాన్యం. ఆ వర్గంలోనే పోటీ ఉంటే గడచిన ఏడేళ్లలో ఎన్ని బదిలీలు అయ్యాయో చూస్తారు. ఆ లెక్కను యూనిట్ సర్టిఫికెట్‌గా ఇస్తుంది, పాత యూనిట్ వదిలే రోజే రాయించుకుపోవాలి. ఒక కె.వి. నుంచి ఇంకో కె.వి.కి మారడం అన్నిటికన్నా తేలిక.

తొమ్మిదో తరగతి నుంచి లెక్క మారుతుంది. సి.బి.ఎస్.ఇ.లో పదో తరగతి పరీక్షకు తొమ్మిదిలోనే, పన్నెండుకు పదకొండులోనే పేరు నమోదవుతుంది. కడపలో రాష్ట్ర సిలబస్‌లో తొమ్మిది పాసైన పిల్లను అక్కడ పదిలో సాధారణంగా నేరుగా చేర్చుకోరు. ఇంటర్ మొదటి సంవత్సరం అయినవాళ్లను పన్నెండులో చేర్చుకోవడమూ అంతే కష్టం. అప్పటికే సి.బి.ఎస్.ఇ.లో ఉన్న పిల్లలకైతే తండ్రి బదిలీని కారణంగా చూపి, బోర్డు అనుమతితో మారే వీలుంది. కాబట్టి రాష్ట్ర సిలబస్ పిల్లలు ఎనిమిది అయ్యాక గానీ, పది అయ్యాక గానీ మారాలి. మధ్యలో ఆర్డరు వస్తే ఆ ఏడాది తల్లీపిల్లలు ఇక్కడే ఉండి పరీక్ష ముగించుకొని పోవడం మేలు. పాత స్టేషన్‌లో క్వార్టరు ఉంటే, చదువు కారణంగా విద్యాసంవత్సరం అయ్యేదాకా దాన్ని ఉంచుకోమని దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక ఏడాది విడిగా ఉండటం కష్టమే, కానీ పదో తరగతి చెడగొట్టుకున్న పిల్లకు ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు.

ఇంకో మెలిక క్యాలెండర్‌ది. సి.బి.ఎస్.ఇ. ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, మన రాష్ట్రంలో బడులు తెరిచేది జూన్‌లో. ఆగస్టులో పోయిన పిల్లలకు నాలుగు నెలల పాఠాలు అయిపోయి ఉంటాయి. తెలుగు మాధ్యమం పిల్లలకు హిందీ అసలు పరీక్ష. ఆర్డరుకూ ప్రయాణానికీ మధ్య దొరికే రెండు మూడు నెలల్లో మిగతావన్నీ పక్కనబెట్టి హిందీ చదవడం, రాయడం నేర్పిస్తే మొదటి టర్మ్ గట్టెక్కుతుంది.

మూడు జిల్లాలు, మూడు దార్లు

సైనికుడు ముందు ఒక్కడే పోయి చేరి, క్వార్టరు వరుసలో పేరు రాయించి, తాళం చేతికొచ్చాక కుటుంబాన్ని పిలిపించుకోవడమే చాలామందికి కుదిరే పద్ధతి. ఈ ఆలస్యం కొన్ని నెలలు కావచ్చు. కుటుంబం విడిగా వచ్చినా ప్రయాణ ఖర్చు వస్తుంది, కానీ దానికో గడువు ఉంటుంది. ఆ తేదీని మూవ్‌మెంట్ ఆర్డరు తీసుకునేటప్పుడే పే క్లర్కుతో రాయించుకోండి.

విమానమా, ఓడా అన్నది హోదానూ అప్పటి ఉత్తర్వులనూ బట్టి మూవ్‌మెంట్ ఆర్డరులోనే ఉంటుంది. విమాన టికెట్టు డిఫెన్స్ ట్రావెల్ సిస్టమ్‌లో గానీ, ప్రభుత్వం గుర్తించిన సంస్థల దగ్గర గానీ తీయాలి. ఊళ్లో తెలిసిన ఏజెంటు దగ్గర వెయ్యి రూపాయలు తక్కువకు కొన్న టికెట్టు క్లెయిమ్‌లో మొత్తం పోగొట్టే ప్రమాదముంది.

కడప వాళ్లకు చెన్నై దగ్గర. రైలు నేరుగా ఉంది, రోడ్డు మీద 260 కిలోమీటర్ల లోపే. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానంలో రెండు గంటల పైచిలుకు. అనంతపురం వాళ్లు 44వ జాతీయ రహదారి మీద బెంగళూరు విమానాశ్రయానికి మూడు నాలుగు గంటల్లో చేరతారు, ఊరి ట్రాఫిక్‌లోకి దిగే పనే లేదు. కర్నూలు వాళ్లకు అదే రహదారి మీద హైదరాబాద్ విమానాశ్రయం సుమారు 200 కిలోమీటర్లు. సామాను మాత్రం ఏ జిల్లా నుంచైనా చెన్నై నౌకాశ్రయానికే పోవాలి. పోర్ట్ బ్లెయిర్‌లో వాతావరణం చెడితే విమానం దిగకుండా తిరిగొచ్చేస్తుంది. అందుకే ఇంటి నుంచి బయలుదేరిన రోజే విమానం పెట్టుకోకండి. చేరాల్సిన తేదీకి కనీసం రెండు రోజులు ముందుండాలి.

ఓడలు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి నడుస్తాయి. రోజూ ఉండవు, నెలకు కొన్నే. చెన్నై నుంచి రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది. బంక్ క్లాసులో పడకలు ఒకే హాలులో వరసగా ఉంటాయి. చిన్నపిల్లలు, గర్భిణి ఉంటే క్యాబిన్ అడగాలి. సముద్రం కడుపులో తిప్పుతుంది. వాంతుల మాత్ర ఓడ కదిలాక వేసుకుంటే పనిచేయదు, అరగంట నుంచి గంట ముందే వేసుకోవాలి. పిల్లల మోతాదు డాక్టరు దగ్గర రాయించుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలలు ఎక్కువ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

సామాను రెండుగా విడగొట్టాలి

మీతో వచ్చేది వేరు, ఓడలో వెనక వచ్చేది వేరు. వెనక వచ్చేదానికి ఎన్ని వారాలు పడుతుందో ఎవరూ తేదీ చెప్పలేరు. కాబట్టి నెల రోజులు సామాను లేకుండా సంసారం నడిచేలా చేతి సామాను కట్టాలి. చిన్న కుక్కరు, రెండు గిన్నెలు, తలా నాలుగు జతల బట్టలు, దోమతెర, టార్చి, బడి పుస్తకాలు, మూడు నెలల మందులు. గ్యాస్ సిలిండరు సామానులో వేయనే కూడదు. ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకుంటే డిపాజిట్ తిరిగొస్తుంది, ఆ వోచర్ మీదే అక్కడ కొత్త కనెక్షన్ ఇస్తారు.

మంచాలు, బల్లలు క్వార్టరులో ఎం.ఈ.ఎస్. (సైన్యం ఇళ్లు, కట్టడాలు చూసే మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్) ఇస్తుంది. ప్రెస్ చేసిన రంపపు పొట్టు చెక్కతో చేసిన అల్మారా, కంప్యూటరు బల్ల అక్కడికి మోసుకుపోతే ఒక్క వానాకాలంలో ఉబ్బి పొరలు విడిపోతాయి. వాటిని ఇక్కడే అమ్మేయండి. స్టీలు బీరువా, ప్లాస్టిక్ కుర్చీలు, ఇనుప స్టాండు బతుకుతాయి, ఇనుముకు పోయేముందే రంగు వేయించాలి.

ఫ్రిజ్‌ను ఒకరోజు ముందే ఆపి, నీరంతా తుడిచి, తలుపు సందులో గుడ్డ పెట్టి కట్టాలి. తడి లోపలే ఉండి మూసుకుపోతే మూడు వారాల తర్వాత తెరిచేసరికి నల్లటి బూజు రబ్బరు మడతల్లోకి దిగి ఉంటుంది, ఎంత కడిగినా వాసన పోదు. ముందు తలుపు వాషింగ్ మెషీన్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. కొత్తది కొన్నప్పుడు వెనక మూడు నాలుగు పొడవాటి బోల్టులు తీసి ఇచ్చి ఉంటారు. వాటిని తిరిగి బిగించకుండా ఓడ ఎక్కిస్తే, ఊపుకు డ్రమ్ము పట్టి ఉంచే స్ప్రింగులు తెగుతాయి. ఆ బోల్టులు పోగొట్టుకుని ఉంటే కంపెనీ సర్వీసు సెంటరులో అడిగి తెప్పించుకోండి.

పెట్టెలన్నిటికీ నంబర్లు వేసి, ఏ నంబరులో ఏముందో మూడు ప్రతుల జాబితా రాయండి. ఒకటి పెట్టెలోపల, ఒకటి రవాణా సంస్థకు, ఒకటి మీ దగ్గర. సముద్ర రవాణాకు బీమా విడిగా అడిగి చేయించాలి, లారీ బిల్లులో ఉండే చిన్న మొత్తం బీమా రేవు దాకానే.

మోటార్‌సైకిల్ పంపేముందు పెట్రోలు పూర్తిగా తీసేయాలి, బ్యాటరీ తీగలు విడదీయాలి, గొలుసుకు గ్రీజు దట్టంగా పట్టించాలి, అద్దాలు విప్పి విడిగా కట్టాలి. వేరే రాష్ట్రంలో, కేంద్రపాలిత ప్రాంతంలో 12 నెలలు దాటి బండి ఉంచితే తిరిగి రిజిస్టరు చేయించాలని చట్టం. దానికి ఇక్కడి ఆర్.టి.ఓ. నుంచి ఫారం 28తో ఎన్.ఓ.సి. కావాలి, అప్పు మీద కొన్న బండికి ఫైనాన్స్ కంపెనీ లేఖ కూడా ఉండాలి. ఇవి పంపకముందే తీసుకోండి. కొత్త బండి కొనే ఆలోచన ఉంటే భారత్ సిరీస్ నంబరు తీసుకోవచ్చు, రక్షణ ఉద్యోగులకు ఆ వీలుంది. బదిలీ అయినప్పుడల్లా నంబరు మార్చే పని ఉండదు.

వాన ఐదింతల పైనే, నీళ్లు మాత్రం రేషను

అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మామూలు సంవత్సరం. పోర్ట్ బ్లెయిర్‌లో 3,000 మిల్లీమీటర్లు, మే నుంచి డిసెంబరు దాకా. అయినా ఫిబ్రవరి తర్వాత అక్కడ కుళాయి రోజు విడిచి రోజు, కొన్ని ఏళ్లలో ఇంకా తక్కువగా వస్తుంది. కొండ నేల కాబట్టి వాన నీరు వెంటనే సముద్రంలోకి జారిపోతుంది, ఊరికి ప్రధానమైన ఆధారం ధనిఖరి ఆనకట్ట ఒకటే. నీళ్లు పట్టి పెట్టుకోవడం మన వాళ్లకు కొత్త కాదు గదా, 200 లీటర్ల డ్రమ్ములు రెండు, మూతలున్న బిందెలు సామానులో వేసుకుపోండి. మూత గట్టిగా లేకుంటే దోమలు పెరుగుతాయి.

గాలిలో తేమ ఏడాది పొడవునా ఎక్కువే. తోలు చెప్పులు, బెల్టులు, సంచులు పది రోజులు తాకకుండా ఉంచితే బూజు పడతాయి. ధర్మవరం పట్టుచీరలు తీసుకుపోవద్దు. జరీ నల్లబడితే తిరిగి తెల్లబడదు. ఒకటి రెండు కట్టుకునేవి చాలు. టి.వి., కంప్యూటరు రోజూ కాసేపు నడిపితేనే లోపలి వేడికి తేమ ఆరుతుంది. నెలలపాటు కట్టి పెట్టినవి తొందరగా చెడతాయి. వంటింట్లో జెర్రులు, పెద్ద నత్తలు కనబడతాయి, బూట్లు దులిపి తొడుక్కోవడం పిల్లలకు నేర్పాలి.

తిండి దగ్గర బియ్యం, పప్పు, నూనెకు కొరత లేదు, క్యాంటీనూ ఉంటుంది. కూరగాయల్లో చాలా భాగం ఓడలో రావాలి కాబట్టి తుపాను వారంలో ధర మండుతుంది. మన సంగటికీ, రొట్టెకూ కావలసిన రాగులు, జొన్నలు పిండిగా కాక గింజలుగా తీసుకుపోండి. పిండి ఆ తేమకు నెలలోనే ముక్కిపోయి పురుగు పడుతుంది. గింజలను ఎర్రటి ఎండలో రెండు రోజులు ఆరబెట్టి, చల్లారాక గాలి దూరని డబ్బాలో పోసి, అవసరమైనప్పుడే కొంచెం మిక్సీలో ఆడించుకోవాలి. చెనిక్కాయలు కాయగా కొద్దిగానే ఉంచుకోండి. తేమ తగిలి ఆకుపచ్చ బూజు పట్టిన విత్తును వేయించినా తినకూడదు, అందులోని విషం వేడికి పోదు. ఊరగాయ జాడీలో ముక్కల మీద నూనె రెండు వేళ్ల మందం తేలాలి. ఆవకాయ, చింతకాయ చెకిన్ సామానులోనే వేయాలి. ఎండుకొబ్బరి విమానంలోకి రానివ్వరు, పవర్ బ్యాంకు చేతిసంచిలో మాత్రమే ఉండాలి.

గడియారం మనదే, సూర్యుడు మాత్రం ముందే వస్తాడు. జూన్‌లో తెల్లారుజామున ఐదింటికే వెలుగొచ్చేస్తుంది, డిసెంబరులో సాయంత్రం ఐదింటికల్లా పొద్దు కుంకుతుంది. పిల్లల ఆట, చదువు, నిద్ర వేళలు గంట ముందుకు జరుపుకోవాలి. ఇంటర్నెట్ ఇప్పుడు నయం. చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక పోర్ట్ బ్లెయిర్‌తోపాటు కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్ వంటి దీవులకూ లైను అందింది. ఇంటికి వీడియో కాల్ చేసుకోవచ్చు.

భూకంపాల ముప్పు దేశంలో బాగా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ దీవులు ఉన్నాయి. 2004 డిసెంబరు 26 సునామీలో కార్ నికోబార్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఎంత నష్టపోయిందో సైన్యంలో అందరికీ తెలుసు. గట్టిగా నేల కదిలితే హెచ్చరిక వచ్చేదాకా ఆగకుండా ఎత్తు ప్రదేశానికి పోవాలి. క్వార్టరులో దిగిన మొదటి వారంలోనే ఆ దారి ఎటో పిల్లలతో నడిచి చూసుకోండి. సముద్రతీరంలో మొసలి హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలోకి దిగకూడదు.

వైద్యానికి పోర్ట్ బ్లెయిర్‌లో నేవీ ఆస్పత్రి ఐ.ఎన్.హెచ్.ఎస్. ధన్వంతరి, ప్రభుత్వ జి.బి. పంత్ ఆస్పత్రి ఉన్నాయి. అక్కడ కుదరని కేసులు చెన్నైకో కోల్‌కతాకో పోవాలి. ఇంట్లో ఎవరికైనా డయాలసిస్, గుండె జబ్బు, పిల్లలకు ప్రత్యేక చికిత్స నడుస్తుంటే ఆ కాగితాలతో ఆర్డరు వచ్చిన వెంటనే రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి. దీవికి పోయి చేరాక కంపాషనేట్ పోస్టింగ్ (ఇంటి కష్టం చూసి ఇచ్చే బదిలీ) అడగడం కన్నా అది సులువు. గర్భిణిని తీసుకుపోవాలంటే తొందరగా నిర్ణయించుకోండి. 28 వారాలు దాటితే విమాన సంస్థలు డాక్టరు సర్టిఫికెట్ అడుగుతాయి, 36 దాటితే సాధారణంగా ఎక్కించుకోవు.

ఊళ్లో మిగిలేవి

అమ్మానాయనలు మీ మీద ఆధారపడినవాళ్లుగా రికార్డులో ఉంటే వాళ్లకూ మిలిటరీ ఆస్పత్రి వైద్యం హక్కే. ఊళ్లో ఉండే వాళ్లకు దగ్గరివి సికింద్రాబాద్, బెంగళూరు, చెన్నై. ఇ.సి.హెచ్.ఎస్. పాలిక్లినిక్కులు మాజీ సైనికులకు, వాళ్ల మీద ఆధారపడినవాళ్లకు. సర్వీసులో ఉన్నవాడి తల్లిదండ్రులను అక్కడికి తీసుకుపోయి నిరాశపడటం మామూలుగా జరుగుతుంది. వాళ్ల డిపెండెంట్ కార్డులు వాళ్ల చేతికే ఇచ్చి పోండి.

ఓటును సర్వీసు ఓటరుగా సొంత నియోజకవర్గంలోనే ఫారం 2తో నమోదు చేయించుకోవచ్చు. భర్తతో కలిసి ఉండే భార్యకూ ఆ వీలుంది.

భూమి సంగతి మన సీమలో తేలికగా తీసుకోరానిది. రీసర్వే కొలతలకు నోటీసు వచ్చిన రోజు మీరు దీవిలో ఉంటారు. అన్నో, మామో ఎవరు నిలబడతారో ముందే తేల్చి, ఆ ఒక్క పని వరకే రాసిన ప్రత్యేక అధికారపత్రం ఇవ్వండి. అమ్మే అధికారం కూడా కలిసే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ జోలికి పోవద్దు. పాస్‌బుక్, వన్ బీ, అడంగల్ నకళ్లు ఫోన్‌లో ఉంచుకోండి. హద్దుల తగాదా వస్తే కమాండింగ్ ఆఫీసరు ద్వారా జిల్లా కలెక్టరుకు లేఖ రాయించడం సైన్యంలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. దాని నకలు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికీ పంపి, అక్కడ ఇచ్చిన నమోదు నంబరును ఊళ్లో ఉన్న మనిషికి చెప్పండి. తహసీల్దారు దగ్గరికి పోయినప్పుడు ఆ మనిషి చెప్పాల్సింది ఆ నంబరే.